చేటలో కృష్ణుడు

నా చిన్నప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో మా వీధి మొగన ఒక వక్కల కొట్టు ఉండేది. కొట్టు పెద్దాయనకు వక్కల మీదకంటే వింతల మీద మక్కువ ఎక్కువ. సాయంత్రం బేరాలు పలచబడగానే బస్తాకు జారగిలబడి మొదలుపెట్టేవాడు. ఏదో దేశపు రాజు తన గుర్రానికి మంత్రి పదవి ఇవ్వబోయాడట. టమాటాలు విషమనుకుని దొరలు ఒకప్పుడు వాటిని తోటలో అందానికి మాత్రమే పెంచుకునేవారట. తోపుడుబళ్ల వాళ్లూ, గుమాస్తాలూ, మాలాంటి పిల్లలూ నోరు తెరుచుకుని వినేవాళ్లం. వాటిలో కొన్ని నిజంగానే చెప్పుకునేవని పెద్దయ్యాక తెలిసింది. అలాంటివాళ్లతో వచ్చే చిక్కే అది. బయట విన్నవి కాసిని చెప్పి నమ్మకం సంపాదిస్తారు, ఆ నమ్మకం మీద సొంత సరుకు అమ్ముకుంటారు.

మా పక్కింటి అక్క జాకెట్లు కుట్టేది. తండ్రి లేడు, తల్లీకూతుళ్లే ఉండేవారు. తండ్రి నాటకాలకు హార్మోనియం వాయించేవాడట. అక్క నెలల పిల్లగా ఉన్నప్పుడు పని వెతుక్కుంటూ భార్యాబిడ్డలతో మద్రాసు వెళ్లాడు. అక్కడ ఒక పౌరాణిక సినిమాలో, వసుదేవుడు చేటలో బిడ్డను పెట్టుకుని యమున దాటే సీనుకు పసిపిల్ల కావలసివచ్చింది. ఆ చేటలో పడుకున్న కృష్ణుడు మా అక్కే. వాళ్లు దాన్ని వీధిలో చాటుకోలేదు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేస్తూ అక్క వాళ్లమ్మ, మా పిన్నిగారే ఓసారి చెప్పింది.

ఒక ఏడు ఆ పాత సినిమా మళ్లీ మా ఊరు వచ్చింది. జనం చూసొచ్చారు. ఇక కొట్టు పెద్దాయన ఊరుకుంటాడా? ఆ సీను తీస్తుంటే వసుదేవుడి కాలు జారిందనీ, బిడ్డ నీళ్లలో పోయిందనీ, డబ్బు దండగవుతుందని ఆ సంగతి దాచి, తీసినంతవరకే సినిమాలో పెట్టేశారనీ ఎత్తుకున్నాడు. మనం తెరమీద చూసి దణ్ణం పెట్టేది ఆ బిడ్డ ఆఖరి ఘడియలకేనని గొంతు తగ్గించి చెప్పాడు. వింటున్నవాళ్లు ఉసూరుమన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. మా అక్క బతికే ఉందని తెలిసికూడా జలదరించింది. నోటికున్న బలం అలాంటిది.

వక్కలకని వచ్చిన పిన్నిగారు అదంతా నిలబడి విన్నది. కొనకుండానే ఇంటికి పోయి పడుకుంది. అక్కకు అప్పుడే మైలవరంలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే ఉద్యోగం వచ్చింది. దారిలో బుడమేరు వాగు దాటాలి. బతికున్న బిడ్డకు నీళ్లలో చావు చెప్పాడంటే అది నీటిగండమేనని పిన్నిగారికి పట్టుకుంది. ఉద్యోగం వద్దంది, అన్నం మానేసింది. అక్క ఎంత చెప్పినా వినలేదు. మర్నాటికి ఆమె కళ్లు లోపలికి పోయాయి.

ఆ సాయంత్రం అక్క తల్లిని బలవంతాన లేపి, చెయ్యి పట్టుకుని కొట్టుకు తీసుకెళ్లింది. నేనూ వెంటపడ్డాను. ఆ సినిమా కథ మళ్లీ చెప్పమని అక్క ఎంతో మర్యాదగా అడిగింది. ఆయన పొంగిపోయాడు. ఈసారి కథలోకి గాలివాన కూడా వచ్చింది. బిడ్డను పూడ్చినచోట తానే పిడికెడు మట్టి వేశానన్నాడు.

"ఆ బిడ్డ నేనేనండి బాబాయిగారూ," అంది అక్క.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆయన రెప్పవేయలేదు. తమలపాకు నింపాదిగా మడిచాడు.

"అయ్యుంటావమ్మా. ఇద్దరు పిల్లల్ని పెట్టారు. పోయింది రెండోది."

"ఒక్కతేనండి," అంది పిన్నిగారు. "నేను పక్కనే ఉన్నాను. ఆ నీళ్లు మోకాళ్లదాకా కూడా లేవు."

"కన్నతల్లివి, భయపడతావని నీకు చెప్పి ఉండర్లే."

జనం తలలూపారు. ఒక గుమాస్తా అయితే పుట్టని ఆ రెండో పిల్ల కోసం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషికంటే వాళ్లకు చచ్చిపోయిన పసిపిల్లే ముద్దు. అంతమంది పెద్దవాళ్లు అంత చవగ్గా కనిపించడం నాకదే మొదలు.

దారిలో నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయామనుకున్నాను. పిన్నిగారు మాత్రం గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగి, "ఛీ, ఈ మనిషి నోటిమాటకా నేను అన్నం మానేసింది?" అంది. లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకుంది.

అంతమందిలో ఆయన నోరు మూయించలేకపోయావేమని అక్కను అడిగాను.

"ఆయన్ని ఓడించడానికి వెళ్లలేదే. అమ్మకు ఆయన్ని చూపించడానికి వెళ్లాను," అంది.

తరువాతి వారం అక్క మైలవరం బస్సెక్కింది. ఉద్యోగంలో చేరి, తల్లినీ అక్కడికే తీసుకుపోయింది. కొట్టు పెద్దాయన రెండో పిల్ల కథ ఆ తర్వాత ఏళ్లతరబడి చెప్పాడు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతివాళ్ల ఫోనులోనూ ఒక వక్కల కొట్టు ఉంది. 'మీకు తెలుసా' అంటూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని చంపుతూనే ఉంటారు, లేకపోతే పిచ్చివాళ్లను చేస్తుంటారు. మా మనవరాలు అవి చూసి భయపడితే నేను వాదించను, కోప్పడను. ఆ చెప్పేవాడి మొహం ఒక్కసారి తేరిపార చూడమంటాను. చూశాక భయం ఉండదు. అసహ్యం మిగులుతుంది. దానితో అన్నం సహిస్తుంది.