అత్తయ్య ఆపేసిన ఏరేటర్లు

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో మనిషికి ఒక వింత ధైర్యం ఉంటుంది. ఏదీ పూర్తిగా తెలియదు కాబట్టి దేనికీ భయం ఉండదు. ఆ ధైర్యంతోనే నేను అమలాపురంలో మా మేడగదిలో కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి ఉచితంగా తయారుచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్‌కి తెలుగు మాన్యువల్ రాయడం మొదలుపెట్టాను. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో సెన్సార్‌తో కొలిచి కంప్యూటర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్ అది. మాన్యువల్ రాయడానికి కావలసిన పనిముట్లూ ఉచితమే. ఒకటి ఇంగ్లీషు వాక్యాన్ని ఎడమవైపు పెట్టి కుడివైపు ఖాళీ గడి చూపిస్తుంది. ఇంకొకటి మనం నింపినదంతా కలిపి పుస్తకంలా పేజీలు కడుతుంది. మరొకటి తప్పులు పడుతుంది: లింకు తెగినా, వాక్యం వదిలేసినా ఎర్ర గుర్తు, అన్నీ సరిగ్గా ఉంటే పచ్చ టిక్కు. (నా చదువులో ఏ మాస్టారూ నాకన్ని టిక్కులు పెట్టలేదు.) నెల తిరక్కుండా నా పుస్తకం మొత్తం పచ్చబడింది.

ఇక మిగిలింది ఆ ప్రాజెక్టు వాళ్ళ నియమం ఒక్కటే. ఆ పుస్తకం ఎప్పుడూ చూడని మనిషి ఒకరు దాన్ని చదువుతూ పని చెయ్యాలి, రాసినవాళ్ళు నోరు మెదపకుండా చూడాలి. నాకు వెంటనే కాట్రేనికోనలో ఉన్న మేనత్త గుర్తొచ్చింది. వాళ్ళకి రొయ్యల చెరువుంది, గట్టు మీది షెడ్డులో ఆ సాఫ్ట్‌వేర్ కిందటి నెల నేనే పెట్టాను. పైగా అచ్చులో ఉన్న మాటంటే అత్తయ్యకి అపారమైన గౌరవం. షాంపూ ప్యాకెట్ మీద రెండు నిమిషాలు ఆగమని ఉంటే, గడియారం ముందు పెట్టుకుని ఆగే మనిషి.

నేను వెళ్ళిన రోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. సెన్సార్ మార్చే పేజీ అత్తయ్య చేతికిచ్చి, నోట్‌బుక్ తెరిచి స్టూలు మీద కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే అత్తయ్య ఆగింది.

"సంవేదకం అంటే ఏంటే? ఎవరైనా పోతే చెప్పేదా?"

అది సెన్సార్‌కి నేను వేసిన తెలుగు. నియమం ప్రకారం నోరు మెదపలేదు. అత్తయ్య నా వంక జాలిగా చూసి ముందుకెళ్ళింది. తరువాతి వాక్యం, 'సంవేదకమును మార్చుటకు ముందు, నడుచుచున్న వాటినన్నింటిని నిలిపివేయవలెను.' కంప్యూటర్‌లో తెరిచి ఉన్న ఆ సాఫ్ట్‌వేర్‌ని మూసెయ్యమని దాని భావం. అత్తయ్య దాన్ని రెండుసార్లు చదివి, లేచి బయటికి నడిచి, చెరువులో గాలి కొట్టే ఏరేటర్లన్నీ వరసగా ఆపేసింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఏదో కారణం ఉండే ఉంటుందనుకుని నేను నోట్‌బుక్‌లో 'రెండో వాక్యం, ఇబ్బంది లేదు' అని రాసుకున్నాను. ఆ తరువాత అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని మూడో వాక్యంతో చాలాసేపు కుస్తీ పట్టింది.

కాసేపటికి అవతలి గట్టు నుంచి మామయ్యగారి కేక వినిపించింది. "ఎవరే ఏరేటర్లు కట్టేసేరు? రొయ్య పైకొచ్చేసింది!"

పరుగెత్తి చూద్దును కదా, గట్టు పొడుగునా రొయ్యలు నీటి మీదికొచ్చి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. మబ్బు రోజున అసలే ఆక్సిజన్ తక్కువ. నాలుగు నెలల కష్టం నా కళ్ళముందే తేలుతోంది. మామయ్యగారు తడికాళ్ళతోనే వెళ్ళి స్విచ్చులన్నీ వేసి వచ్చేరు.

"పుస్తకంలో ఉందండీ," అంది అత్తయ్య.

"ఏ పుస్తకంలో?"

"మన అమ్మాయి రాసిందేనండీ."

మామయ్యగారు నా వైపు తిరిగేరు. "నువ్వు రాసేవామ్మా?"

"ఆయ్," అన్నాను. ఆ 'ఆయ్' నాకే వినపడలేదు.

ముగ్గురం గట్టు మీద నిలబడి నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయాం. గంటకి రొయ్యలు కిందికి దిగాయి, ఒక్కటీ పోలేదు. మామయ్యగారి కోపం దిగడానికి భోజనాల వేళయింది. నేనైతే ఈ పని మానేస్తానన్నాను. అత్తయ్య వినలేదు. "మానడం ఎందుకే? మనిషితో మాట్లాడినట్టు రాయి. ఏది ఆపాలో దాని పేరు చెప్పు," అని, విస్తళ్ళు ఎత్తగానే ఎర్రపెన్ను తీసుకుని కూర్చుంది. సాయంత్రానికి నా పచ్చటి పుస్తకం ఎర్రబడింది. సంవేదకం పోయి సెన్సార్ వచ్చింది. 'కంప్యూటర్‌లో ఈ ప్రోగ్రాం ఒక్కటే మూసెయ్యండి. ఏరేటర్లు ఆపకండి' అన్న వాక్యం పూర్తిగా అత్తయ్యదే.

జరిగినదంతా ఆ ప్రాజెక్టు వాళ్ళకి దాచకుండా రాశాను, తిడతారనే అనుకున్నాను. ఇంగ్లీషు మాన్యువల్ రాసినాయన రెండు రోజులకి జవాబిచ్చాడు. తప్పు నాది కాదట, ఆయన ఇంగ్లీషు వాక్యమే అంత అస్పష్టంగా ఉందట, తనైనా అన్నీ కట్టేసేవాడట. అత్తయ్య వాక్యాన్నే ఇంగ్లీషులో పెట్టుకున్నారు. అక్కడినుంచి మిగతా భాషల్లోకీ వెళ్ళింది.

ఆ జవాబు వచ్చినప్పుడు నేను బస్సులో ఉన్నాను. సంతోషం ఆపుకోలేక పక్కసీటులో చేపల తట్ట పట్టుకున్న ముసలమ్మగారికి ఫోను చూపించి, "ఇది మా అత్తయ్యా నేనూ తెలుగులో రాసిందండీ, ప్రపంచమంతా చదవొచ్చండీ," అన్నాను. ఆవిడ ఫోను వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ప్రపంచానికి తెలుగొచ్చా అమ్మా?" అని అడిగింది.

"వస్తుందండీ," అన్నాను, అనుమానమన్నది లేకుండా.

ఇప్పుడు నా జీతం ఈ పనిలోనే. అయినా ఎవరైనా ఆ ముసలమ్మగారి ప్రశ్నే అడిగితే అంత గట్టిగా చెప్పగలనో లేదో తెలియదు. ఆ రోజు బస్సులో చెప్పిన ఆ పిల్లంటే మాత్రం నాకు చాలా ఇష్టం.