నా చాయకు తగ్గిన నురగ

ఆదివారం పొద్దున మా ఆయన మేక కార్జం తెచ్చి సింకులో పెడితే, ఆ పచ్చి వాసనకు నాకు కూర కాదు, బోధన్‌లో డిగ్రీ చదివేటప్పటి జువాలజీ రాజమణి మేడమే గుర్తుకొస్తుంది. చెబితే మా ఆయన నవ్వుతాడు. ఆమెను చూసుంటే నవ్వేవాడు కాదు.

ఆఖరు ఏడాది ప్రాజెక్టుకు ఎలుకలను పెంచే వసతి మా కాలేజీలో లేదు. ఎలుకలు లేకపోతే మానె, కార్జం లేదా అని మేడం నన్ను మాంసం దుకాణానికి పంపింది. నిలవ ఉన్న బత్తాయి రసం కార్జంలోని, అంటే లివర్‌లోని ఎంజైమును ఏం చేస్తుందో చూడాలి. కార్జం నూరిన నీళ్లలో రసం కలిపి పెరాక్సైడ్ చుక్కలు వేస్తే నురగ పొంగుతుంది. పొంగు తగ్గితే ఎంజైము దెబ్బతిన్నట్టే. మొదట తాజా రసం కలిపిన గొట్టం బుసబుసా పొంగింది. తర్వాత చూసిన వారం నాటి రసంలో నురగ వేలెడు కూడా లేవలేదు. నా సంబరం చూడాలి! కాలేజీ నుంచి నిజామాబాద్ సైన్సు ప్రదర్శనకు వెళ్లేది ఒక్క ప్రాజెక్టే. అది నాదేనని బీడీలు చుట్టే మా అవ్వకు అప్పుడే చెప్పేశాను.

మేడం మాత్రం ఆ రెండు గొట్టాలకూ మధ్య ఏం చేశానని అడిగింది. చాయ తాగొచ్చానన్నాను. చల్లగా ఉంచడానికి చేపలమ్మే ఆమె దగ్గర తెచ్చిన ఐసు ఆలోపే కరిగిపోయింది. కార్జం నీళ్లు కిటికీ ఎండలో కాగాయి. ఎంజైము వేడికీ దెబ్బతింటుంది.

“గా నురగ రసం తోటి తగ్గిందా, నీ చాయ తోటి తగ్గిందా? ఎట్ల చెప్తవ్ బిడ్డా?”

“ఎవరు సూసిండ్రు మేడం?” సిగ్గు లేకుండా అన్నాను.

“ఎవరు సూడలే. గందుకే నిన్నడుగుతున్న.”

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు నాకంటే ముందే సంచిలో ఐసుతో దుకాణం దగ్గర నిలబడింది, నీసు ముట్టని మనిషి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. ఈసారి రెండు గొట్టాలూ ఒకేసారి చూశాం. నిలవ రసంలో నురగ కాస్త తగ్గింది, అంతే. నా కొండంత ఫలితం గోరంతయింది. నిజామాబాద్‌కు వేరేవాళ్లు వెళ్లారు. నేను ల్యాబులో కూర్చుని ఏడుస్తుంటే మేడం పక్కన కూర్చుంది.

“గోరంతనే గానీ, గట్టిది. ఎవరడిగినా నిలబడి చెప్తవ్.”

ఇప్పుడు నేను ఒక చిన్న ఆస్పత్రిలో రక్త పరీక్షలు చేస్తాను. ఆ మధ్య మోస్రా నుంచి వచ్చిన రైతుకు లివర్ ఎంజైములు మామూలుగా ఉన్నాయని తేలింది. ఆయన, ఆయన భార్య ఎంత సంతోషపడ్డారో. కానీ ఆ రక్తం ఎంతసేపు బయట వేడిలో ఉందో మా వాళ్లెవరూ చెప్పలేకపోయారు. మళ్లీ తీశాను. రెండోసారి సూది పొడిచినందుకు ఆయన నన్ను నానా మాటలన్నాడు. ఈసారి అంకె పెరిగే ఉంది. డాక్టరు ఆ రోజే మందులు మొదలుపెట్టాడు. ఆయన కోలుకుని మళ్లీ పొలం పనికి పోతున్నాడు. ఆ తిట్లు నాకు మేడం ఇచ్చిన మార్కుల్లాగే ఉన్నాయి.