పోయినేటి లెక్క, ఈ ఏటి ర్యాంకు

నా చిన్నప్పుడు, మా అన్న ఇంటర్ రెండో ఏడు చదివిన ఆ సంవత్సరమంతా, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ అన్న వైపే తిరిగి ఉండేది. నాచారంలో రెండు గదుల పోర్షన్ మాది. నాన్న అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అన్న ఎంసెట్‌కు చదువుతున్నాడని రేడియో మూగబోయింది, చుట్టాలను రావద్దన్నారు, గుడ్డు ఉడికితే అది అన్న కంచంలోకే వెళ్లేది. నేను అప్పుడు ఆరో తరగతి. నాకూ పరీక్షలుండేవి, వాటి సంగతి ఎవరికీ పట్టేది కాదు. అన్నను చూస్తే నాకు కడుపు మండిపోయేది.

అన్న మీద కుళ్లు చాలదన్నట్టు పక్క పోర్షన్‌లో ఒక అక్క ఉండేది. అంతకు ముందు ఏడే ఎంసెట్ రాసి, మంచి ర్యాంకు తెచ్చుకుని ఇంజనీరింగ్‌లో చేరింది. అమ్మ నాకు జడ వేస్తూ కూడా ఆమె కథే చెప్పేది. "అక్క లెక్క సదువు బిడ్డా" అంటూ జడ ఇంకాస్త బిగించేది. పుస్తకాలు గుండెకు హత్తుకుని ఆ అక్క బస్సు కోసం నడిచి వెళ్తుంటే వీధి వీధంతా చూసేది. చూడకూడదనుకుంటూనే నేనూ చూసేదాన్ని.

పరీక్ష అయ్యాక పేపర్లో కీ వచ్చింది. అన్న, నాన్న నేల మీద కూర్చుని ఒక్కో జవాబూ సరిచూసుకున్నారు. అన్నకు వచ్చే మార్కులు అక్కకు వచ్చినవాటి కన్నా కాస్త ఎక్కువే తేలాయి. పోయినేడు ఎన్ని మార్కులకు ఏ ర్యాంకు వచ్చిందో ఈ ఏడూ అంతే వస్తుందని మావాళ్ల లెక్క. "గా పోరికి గిన్ని మార్కులకే సీటొచ్చింది. మనోనికి ఇగ ఫికరేంది" అని నాన్న ర్యాంకు రాకముందే లడ్డూలు తెచ్చాడు. ఇంటింటికీ పళ్లెం మోసింది నేను. ప్రతి గడపలోనూ అన్న గురించే అడిగారు. లడ్డూ తెచ్చిన పిల్ల ఏ తరగతని ఒక్కరూ అడగలేదు.

తీరా చూస్తే అన్న ర్యాంకు అక్క ర్యాంకుకు ఎంతో వెనక. ఆ ఏడు పేపరు తేలిగ్గా వచ్చిందట, అందరి మార్కులూ పెరిగాయట. అది మాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం సీటు రాదని. నాన్న అన్నను తిట్టలేదు, మాట్లాడటమే మానేశాడు. అన్న అన్నం తినడం మానేశాడు. లడ్డూలు తిన్న ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఎంతొచ్చిందని అడిగి, పక్కింటి అక్కను ఒకసారి మెచ్చుకుని వెళ్లేవారు. అన్న గొప్ప తగ్గాలని ఏడాదంతా కోరుకున్నదాన్ని కదా, లోపల కొంచెం సంతోషం కలిగింది కూడా. అది అన్న ముఖం చూసేదాకే.

ఆ ఆదివారం వాకిట్లో పెద్దవాళ్లు కూర్చుని ఉంటే మళ్లీ అన్న ర్యాంకు, అక్క ర్యాంకుల మాటే వచ్చింది. పక్కన బట్టలు ఆరేస్తున్న అక్క విన్నది. తడి చేతులు ఓణీకి తుడుచుకుంటూ వచ్చి నాన్న ముందు నిలబడింది.

"మామా, నాకొచ్చిన మార్కులకు గీ యేడైతే నాగ్గూడ గీ ర్యాంకే వస్తుండె. ఇంకింత ఎన్కనే వస్తుండె. మార్కులు నాకన్న వానికే ఎక్కువొచ్చినయ్. నేను ఒక్క యేడు ముందుగాల పుట్టిన, గంతే."

వాళ్లమ్మ లోపల నుంచి పిలుస్తున్నా అక్క కదలలేదు. "జర వాన్తోని మాట్లాడు మామా" అని చెప్పి, అప్పుడు వెళ్లింది.

నాన్న లేచి లోపలికి వెళ్లి "లెవ్వురా, తిందాం పా" అన్నాడు. నేను వాకిట్లోనే ఉండిపోయాను. వీధంతా కలిసి ఇచ్చిన గొప్పను ఆ అక్క అందరి ముందు తన చేత్తో తీసి పక్కన పెట్టేసింది. నన్నెవరైనా మెచ్చుకుంటే వారం రోజులు ఆ మాటే తలచుకునే పిల్లను నేను. అప్పుడు కూడా ఆమెను చూసి కుళ్లుకున్నాను. ఈసారి ఆమె ర్యాంకును చూసి మాత్రం కాదు.

కొన్నేళ్లకు నా వంతు వచ్చింది. అందరి మార్కులూ ఇంకా పెరిగాయి, నాకు సీటు ఇంకా దూరమైంది. అక్క అప్పటికే పెళ్లి చేసుకుని అంబర్‌పేట్ వెళ్లిపోయింది. మళ్లీ అన్న మీదే అసూయ పుట్టింది. అన్నకు సీటు రాకపోయినా అక్క మాట దొరికింది, నాకు అదీ లేదు.

మొన్న అన్న చిన్న కూతురి ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఫలితాలు ఫోన్లో వచ్చాయి. ఇప్పుడు మార్కులు కాదు, పర్సంటైల్ అంటున్నారు. పోయినేడు ఎంతకు ఎక్కడ సీటు వచ్చిందో చెప్పే వీడియోలూ ఉన్నాయట, అన్న అవన్నీ చూసి పెట్టుకున్నాడు. పీర్జాదిగూడలో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లేసరికి అన్న ఎవరితోనూ మాట్లాడకుండా బాల్కనీలో నిలబడి ఉన్నాడు. పిల్ల గది తలుపు మూసి ఉంది. నేను తలుపు తట్టి లోపలికి వెళ్లి, దాని పక్కన కూర్చుని, ఆ రోజు అక్క అన్న కోసం చెప్పిన, నాకెవరూ చెప్పని ఆ మాట దానికి చెప్పాను. ఎంతొచ్చిందని అడగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.