తొమ్మిది అంగుళాల దూరం

ముప్ఫై మూడేళ్లు భూములు కొలిచిన సర్వేయర్ని నేను. కొలవనిదే దేనినీ నమ్మను. రెండేళ్ల క్రితం పుంగనూరు నుంచి మదనపల్లెకు తమ్ముడు మునెప్పతో మోపెడ్ మీద వస్తూ, ఎదురొచ్చిన లారీని తప్పించబోయి ఇద్దరం రోడ్డు పక్కన పడ్డాం.

"జానలో తప్పిందప్పా! గండం గడిసిపాయ" అన్నారు చేరిన జనం.

జేబులోని టేపు తీసి కొలిచాను. తమ్ముడి తల ఆనిన చోటికీ, లారీ టైరు గుర్తుకూ మధ్య సరిగ్గా జానెడు, తొమ్మిది అంగుళాలు.

ఇంట్లో మరదలు నిమ్మకాయతో దిష్టి తీసి, దాన్ని పారేయడానికి వీధి మలుపు దాకా వెళ్లింది.

"అన్నా, తల బరువుగా ఉండాది. ఆస్పత్రికి పోదామా?" అన్నాడు తమ్ముడు.

"లారీ తొమ్మిది అంగుళాల అవతల పోయిందిరా. నీకేమైంది? పండుకో" అన్నాను.

సాయంత్రానికి స్పృహ పోయింది. తలలోపల రక్తం గడ్డకట్టిందన్నారు. మర్నాడు ఉదయం ఆరూ పదికి కన్నుమూశాడు.

తప్పిందన్న మాట లారీ గురించే గాని, నేలకు తగిలిన తల గురించి కాదని నాకు తోచలేదు. తమ్ముడు ఆస్పత్రికి పోదామని అడిగిన సంగతి మరదలికి ఇంతవరకూ చెప్పలేకపోయాను. పత్రికలో ఈ పేజీ ఆమె ప్రతివారం చదువుతుంది.