నీడ చూసినాకే ఇంటికి

టైమాఫీసు సుధీంద్ర కంటబడ్డ మనిషి గురుగ్రహం మీద నీడ చూడందే ఇల్లు చేరడు. గని పనివాళ్ళకు కట్టిన కోరమండల్ లైను ఇళ్ళలో మిగిలిన కొద్దిమందికీ ఇది అనుభవం మీద తెలిసిన సత్యం. పెళ్ళికి పోతున్నా, మందుల షాపుకు పోతున్నా, సాయంత్రం పూట ఆయన గేటు ముందు నుంచి పోయారా, దొరికిపోయినట్టే.

"రాప్పా, నీడ చూసి పో."

"పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినాను సార్."

"పాలు పొంగితే తుడుచుకోవచ్చు. నీడ దాటిపోతే యాడ తెస్తావు?"

ఈ ప్రశ్నకు కోలారు జిల్లాలో ఇంతవరకూ ఎవరూ జవాబు కనిపెట్టలేదు.

బంగారు గనులు నడిచే రోజుల్లో ఆయన టైమాఫీసులో గుమాస్తా. గనిలోకి దిగేవాడు ఇత్తడి బిళ్ళ ఒకటి తీసుకుని దిగాలి. పైకొచ్చాక దాన్ని బోర్డు మీద తన మేకుకు తగిలించి ఇంటికి పోవాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమిలోనే ఉన్నాడని లెక్క. మేకు ఖాళీగా ఉన్నంతసేపు సుధీంద్ర కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఒకసారి ఎవడో బిళ్ళను జేబులో మరిచిపోయి పెళ్ళాంతో సినిమాకు పోయాడు. సుధీంద్ర టార్చిలైటుతో హాల్లోకి వెళ్ళి, హీరోయిన్ తల్లి ప్రాణం విడుస్తున్న సమయంలో "బిళ్ళ ఎవరప్పా వెయ్యలేదు?" అని అడిగాడట. ఆ సినిమా పేరు మరిచిపోయినవాళ్ళకు కూడా ఈ మాట గుర్తుంది.

తర్వాత గనులు మూతపడ్డాయి. షిఫ్టు సైరన్ ఆగిపోయింది, బోర్డు తుక్కులోకి పోయింది. మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి వచ్చేవాళ్ళు, కొన్నాళ్ళకు పోవడమే గాని రావడం మానేశారు. ఆ లైనులోనే ఉండిపోయిన మార్గరెట్‌కు కుడివైపు ఇంటికి తాళం. ఎడమవైపు ఇంటికి తాళం కూడా లేదు, ఎందుకంటే తలుపే లేదు. భర్త ఆంథోనీ పోయాక ఆమె ఒక్కతే. పగలు ఎలాగో గడిచేది. దీపాలు పెట్టే వేళకు మాత్రం ఇల్లు మింగడానికి వచ్చేది. అప్పుడు గోడ గడియారంతో మాట్లాడేది. అది టిక్కుమంటే "అవునా" అనేది.

వెనక లైనులో నంజుండప్ప కూడా ఇలాగే ఒంటిగా ఉండేవాడు. స్నానాలగదిలో జారిపడి పోయాడు. రేషన్ షాపువాడు "ఆ ముసలాయన ఈ నెల రాలేదే" అని అడిగితే తప్ప ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి మార్గరెట్‌కు ఒకటే దిగులు. తను పడితే ఎవరికి తెలుస్తుంది? ఈ మాట ఆమె గడియారానికి కూడా చెప్పలేదు.

నంజుండప్ప దినాలు అయ్యీ కాకముందే సుధీంద్ర బెంగుళూరు నుంచి టెలిస్కోపు తెచ్చాడు. రైల్లో దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంటే, "ఏం సార్, బోరు పైపా?" అని ఎవరో అడిగారట. "కాదప్పా, దీంట్లోకి గురువు వస్తాడు" అన్నాడు. ఆ తర్వాత మారికుప్పం దాకా ఆయనకు సీటంతా ఖాళీ.

"చావు మైల తీరలేదు, ఈ సామికి గొట్టం కావాల్సొచ్చిందా" అని పిల్లమ్మ మూతి తిప్పింది. గని ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మనిషి, ఎవరికీ జంకదు. అయినా సాయంత్రం రైలు మారికుప్పం చేరుతూ కూత వేయగానే మొదట వచ్చేది ఆమే. ఆ కూతే సుధీంద్రకు ఇప్పుడు సైరన్. పిల్లమ్మ చెప్పులు విడిచి, గొట్టానికి దండం పెట్టి, అప్పుడు కన్ను ఆనించేది. గురువు సాయంత్రం పూట కనపడని నెలల్లో ఆయన శనిని డ్యూటీలో వేసేవాడు.

"శని కంట పడకూడదని లోకమంతా నూనె దీపాలు పెడతా ఉంటే, మీరు ఎదురుపోయి చూడమంటారే సామీ" అని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని చూసేది.

ఆమె వెనకే ఓబలప్ప. గనిలో డ్రిల్లు పట్టీ పట్టీ చెవులు పోగొట్టుకున్నవాడు. అతని వెనక మార్గరెట్. బంగారం తీసేసిన గని మట్టి కొండలా పోసిన సైనైడ్ దిబ్బ మీద గురువు పైకి రాగానే సుధీంద్ర పాఠం మొదలు.

"గురువు చుట్టూ నలుగురు పెద్ద చందమామలు తిరగతా ఉండారు. వాళ్ళలో ఒకడు గురువు ముందరికి వచ్చినాడనుకో. ఆ వెలుగులో మనిషి కలిసిపోతాడు, కనపడడు. నీడ మాత్రం నల్లగా పడతాది. వాడు లేడని మనం అనుకుంటే, ఉండాడని నీడ చెప్తాది."

ఆ మాట మార్గరెట్‌కు ఎందుకో బాగా నచ్చింది. ఇంటికి పోయి గడియారానికి చెప్పింది.

నీడ మాత్రం ఆమెకు ఏనాడూ కనపడలేదు. పెసరగింజంత తెలుపు, దాని మీద రెండు చారలు, అంతే. మొదట్లో నిజమే చెప్పేది. "కనపళ్ళేదు సార్" అంటే, "అయితే కూర్చో" అని స్టూలు జరిపి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసేవాడు. చలిలో కూర్చోలేక ఆమె అబద్ధం నేర్చుకుంది.

"చూసినాను సార్. గుండ్రంగా ఉండాది."

"ఏ పక్క?"

"మధ్యలో సార్."

"శభాష్."

మిగతా ఇద్దరిదీ అదే దారి. ఒక సాయంత్రం పిల్లమ్మా మార్గరెట్టూ నీడ చూశామని చెప్పి పక్కకు జరిగాక, ఓబలప్ప కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు.

"సార్, ఈ నీడకి కాళ్ళుండాయి."

సుధీంద్ర విప్పి చూస్తే, కన్ను పెట్టే గాజు వెనక చీమ. ఆడవాళ్ళిద్దరూ సైనైడ్ దిబ్బ వైపు దీక్షగా చూస్తూ నిలబడ్డారు. ఇన్నాళ్ళలో వాళ్ళు నిజంగా చూసిన నీడ అదొక్కటే.

వాన పడినా సెలవు లేదు. టెలిస్కోపుకు గొడుగు పట్టి నిలబడేవాడు. "మబ్బుకి కూడా షిఫ్టు ఉండాదమ్మా, అయిపోతాది" అనేవాడు. మార్గరెట్‌కు ఆయన మీద జాలి. పెళ్ళాం లేదు, బిడ్డలు లేరు, పాపం ఒంటిపక్షి. మనం కూడా పోకపోతే ఎవరితో మాట్లాడతాడు? మోకాళ్ళు నొప్పిగా ఉన్నా ఆ జాలితోనే పోయేది.

అలా పోదామని ఒక సాయంత్రం ముఖం కడుక్కోబోయి, స్నానాలగదిలో జారిపడింది. పాదం మెలి తిరిగింది. లేవబోతే ప్రాణం పోయినంత పని అయింది. వీధి తలుపుకు లోపలి నుంచి గడియ. అరిచింది. తాళం పడ్డ ఇల్లూ తలుపు లేని ఇల్లూ రెండూ విన్నాయి. దూరంగా రైలు కూత వినిపించింది. ఆమెకు నంజుండప్ప గుర్తొచ్చాడు. తనకైతే ఈ నెల రేషన్ కూడా తెచ్చుకోవడం అయిపోయింది, ఇంగ అడిగేదెవరు అనుకుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు. లోపల గడియారం టిక్కుమంది. ఈసారి ఆమె "అవునా" అనలేదు.

కాసేపటికి వీధి తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

"మార్గరెట్టమ్మా, ఇంగా బిళ్ళ పడలేదే నీది."

ఏడుస్తున్న మనిషికి నవ్వు వచ్చింది. "పడింది బిళ్ళ కాదు సార్, నేను" అంది లోపలి నుంచి. ఓబలప్ప భుజం ఆనిస్తే పాత గడియ ఊడి చేతికొచ్చింది. పిల్లమ్మ తిట్టుకుంటూనే పాదానికి కట్టు కట్టింది. సుధీంద్ర ఫ్లాస్కు వెంట తెచ్చాడు.

"నా కోసం నీడ వదులుకొని వచ్చినారా సార్?"

"నీడ యాడిదమ్మా. ఈ దినం లేదు."

"మరి నిన్న?"

"నిన్నా లేదు."

"నేను చూసినానే."

"చూసినావు. మధ్యలో ఉండాదని కూడా చెప్పినావు."

మార్గరెట్ కాఫీ గ్లాసులోకి చూసింది. పిల్లమ్మ తన కొంగు సర్దుకుంది. ఓబలప్పకు ఏమీ వినపడలేదు, అదృష్టవంతుడు.

"నీడ ఎప్పుడో ఒక దినం పడతాది" అన్నాడు సుధీంద్ర. "మీరు రావాల్సింది దినామూ. బోర్డు లేకపాయె. నంజుండప్ప మేకు ఖాళీగా ఉండాదని ఎవరికి తెలిసింది చెప్పు? ఊరికే రమ్మంటే ఎవరొస్తారమ్మా? గురువని చెప్పినాను."

"మీరు ఒంటిగా ఉండారని నేను వస్తా ఉంటిని సార్."

"అది కూడా నిజమేలే" అని ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు.

కట్టు విప్పాక, మార్గరెట్ కర్ర పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ సాయంత్రం సుధీంద్ర హడావిడి వేరుగా ఉంది. పిల్లమ్మ కన్ను పెట్టి "అయ్యో సామీ" అని, దండం పెట్టుకోలేదని గుర్తొచ్చి మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఓబలప్ప కాళ్ళున్నాయేమోనని వెతికి, లేవని తేల్చాడు. మార్గరెట్ కన్ను ఆనించింది. తెల్లటి గురువు మీద, ఒక చార అంచున, సూదితో గుచ్చినంత నల్ల చుక్క. చందమామ కనపడలేదు. నీడ మాత్రం ఉంది. ఆమె చాలాసేపు చూసింది.

"చూసినావా అమ్మా?"

ఇంటికి పోతే గడియారం. ఇక్కడ ముగ్గురు మనుషులు, ఒక ఫ్లాస్కు.

"కనపళ్ళేదు సార్" అంది మార్గరెట్.

"అయితే కూర్చో" అని సుధీంద్ర స్టూలు జరిపాడు.