దగ్గు పోయిందని చెప్పిన నోటితోనే

సహోదరీ సహోదరులారా, రెండేళ్ల క్రితం ఉపవాస కూటంలో ఇదే మందిరంలో నిలబడి, దేవుడు నా దగ్గును పూర్తిగా తీసేశాడని సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నారు. అది నిజం కాదు.

మా ఆయన పోతూ నాకు హెచ్.ఐ.వి. మిగిల్చి పోయాడు, అది మీలో చాలామందికి ఇవాళే తెలుస్తోంది. నాతో ఎండుచేపలు అమ్మే రాజమ్మ వదినదీ అదే గతి, ఇద్దరం నెలనెలా ఒకే బస్సులో శ్రీకాకుళం వెళ్లి ఆసుపత్రిలో మాత్రలు తెచ్చుకునేవాళ్లం. "దగ్గుందేటి, జొరమొస్తందేటి, సిక్కిపోనారేటి, సెమటలు పడతన్నాయేటి? ఈ జబ్బున్నోలికి టీబీ బేగి అంటుకుంటాది, దాసకండి" అని అక్కడి నర్సమ్మ ప్రతిసారీ అడిగేది.

మందుల కొట్టు సిరప్పుకు పదిరోజులు ఆగిన దగ్గును స్వస్థత అనుకుని తొందరపడి చెప్పేశాను, మూడో వారానికి అది మళ్లీ వచ్చింది. ఇక ఏ మొహం పెట్టుకుని దగ్గుందని చెప్పను? దేవుని పేరు పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ నా భయమంతా నా పరువు గురించే. పాట మధ్యలో దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయేదాన్ని, అడిగినవాళ్లతో ఎండుచేపల దుమ్ము అనేదాన్ని, నర్సమ్మతో మాత్రం దగ్గే లేదనేదాన్ని.

కొన్నాళ్లకు వదినకూ దగ్గు పట్టుకుంది. "నీకు పార్దనతో పోనాది కదే, నాకూ పోతాది" అని నాతో అని, నర్సమ్మకు తనూ దగ్గు లేదనే చెప్పింది. పక్కనే కూర్చుని విన్నాను, నోరు విప్పలేదు. నా దగ్గే ఆమెకు అంటిందేమో, ఆ మాట ఎవరినీ అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఒకరోజు చేపలు ఆరబెడుతూ వదిన ఇసుకలో రక్తం కక్కుకుంది. ఆసుపత్రిలో చేర్చేసరికే టీబీ ముదిరిపోయింది. మంచం పక్కన కూర్చున్న నన్ను అడిగింది: "ఒసే మరియమ్మా, నీకు తగ్గినాది, మరి నాకెందుకు తగ్గనేదే?"

"నాకూ తగ్గలేదు వదినా, అబద్దమాడినాను" అన్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "అయితే ఎల్లి సెప్పు" అంది.

ఆసుపత్రి మెట్ల మీద ఆగి, "ప్రభువా, నేను మూసుకున్న ఈ నోరు నువ్వే తెరువు" అని ఏడ్చి, వెళ్లి నర్సమ్మతో చెప్పాను. కఫం పరీక్ష చేశారు, నాదీ టీబీయే. ఆ కాగితం చూపించేలోపే వదిన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆరు నెలలు మందులు మింగాను, టీబీ నయమైంది, హెచ్.ఐ.వి. మాత్రలు బతికినన్నాళ్లూ మింగుతాను. ముందు అబద్ధం నుంచి, తర్వాత టీబీ నుంచి నన్ను విడిపించిన దేవునికే మహిమ. నన్నే ఎందుకు మిగిల్చాడో నాకు తెలియదు, ఆయన్నే రోజూ అడుగుతున్నాను.

మీలో ఎవరైనా కొంగులో దగ్గుతుంటే, దేవుణ్ణి నమ్మండి, నిజం చెప్పినంతమాత్రాన ఆయన చిన్నబుచ్చుకోడు. సోమవారం మొదటి బస్సుకు మళ్లీ వెళ్తున్నాను. నా పక్కన వదిన కూర్చునే సీటు ఖాళీగానే ఉంది, రండి.