ఎమ్మెల్యే గారి పేజీలో పులస పులుసు

ఫోన్లో ఇంటర్నెట్ కారుచౌకగా దొరకడం మొదలైన ఆ కొత్తలో, ప్రపంచాన్ని మార్చడానికి మహా అయితే పది రోజులు పడుతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంటర్‌తో చదువు ఆగిపోయి, మా ఊరి సెంటర్‌లో జిరాక్స్ షాపులో పని చేస్తూ ఉండేదాన్ని. డిగ్రీ లేదన్న లోటు నాకు ఏ రోజూ తెలియలేదు. ఎందుకంటే కాలవ గట్టు మీదున్న మా శాఖా గ్రంథాలయంలో అప్పటికే ఆరు బీరువాలు చదివేశాను. (ఏడోదాని తాళంచెవి పోయింది, లేకపోతే అదీ అయిపోయేది.) ఎవరితో మాట్లాడినా రెండో వాక్యానికల్లా "నేనొక పుస్తకంలో చదివానండి" అనేదాన్ని. నేను నోరు తెరవగానే మా నాన్న "ఎన్నో బీరువా?" అని అడిగేవాడు.

నాలుగో బీరువాలో అట్టా, మొదటి పదహారు పేజీలూ లేని పుస్తకం ఒకటి ఉండేది. పేరు తెలియదు, రాసినాయన ఎవరో తెలియదు. పౌరుల బాధ్యతల గురించి. ఐదేళ్ళకోసారి ఓటు వేసి, వేలి మీద సిరా చూసుకుని మురిసిపోతే పని అయిపోదనీ, మధ్యలో ఉన్న రోజులన్నిటా ప్రజాప్రతినిధికి మన అవసరం చెబుతూనే ఉండాలనీ, ఒకే రోజున అందరూ ఒకే మాట అడిగితే దానికి బలం వస్తుందనీ అందులో ఉంది. ఆ పేజీ చదివిన రోజున నేను భోజనం కూడా సరిగ్గా చేయలేదు. అడగడానికి ఏదైనా సమస్య దొరికితే బాగుండునని ఎదురుచూశాను. (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఊరికి కష్టం రావాలని కోరుకున్న మొదటి సంఘసేవకురాలిని నేనే అయ్యుంటాను.)

కష్టం వచ్చింది, అదీ సరిగ్గా నా నెత్తి మీదకే. పాఠకులు పలచబడ్డారు కాబట్టి మా గ్రంథాలయాన్ని మండల కేంద్రంలో ఉన్న పెద్ద గ్రంథాలయంలో కలిపేయాలని పై నుంచి ఆలోచన జరుగుతోందని కాగితం వచ్చింది. లైబ్రరీ మాస్టారు (మాకు ఆయన వేరే పేరు తెలియదు) ఆ కాగితం నా చేత జిరాక్స్ తీయించుకున్నారు. నేను చదివి బిక్కచచ్చిపోయాను. ఆయన మాత్రం, "బస్సుకి ఇరవై నిమిషాలేగా, నువ్వొస్తావులే" అన్నారు. సాయంత్రం వెళ్ళేసరికి ఒకటో బీరువా ఖాళీ అయిపోయి ఉంది. పుస్తకాలన్నీ కొబ్బరి పీచు తాడుతో పాతిక చొప్పున కట్టలు కట్టి, కట్ట మీద చీటీ అంటిస్తున్నారు. కాగితంలో ఇంకా ఆలోచన అనే ఉంది కదా మాస్టారూ అంటే, ఆఖరి రోజున హడావుడి పడితే పుస్తకాల మూలలు నలుగుతాయన్నారు. బస్సు చార్జీ పెట్టుకుని పుస్తకం కోసం వెళ్తానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఆ కట్టలతో పాటు నా కాలేజీ కూడా బస్సెక్కి వెళ్ళిపోతోందని నాకు అర్థమైంది.

ఇక చూస్కోండి నా ఉత్సాహం. ఒక్క రాత్రిలో ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టాను. ఊరి వాట్సాప్ గ్రూపులో పథకం ప్రకటించాను. ఆదివారం ఉదయం సరిగ్గా పది గంటలకి ఊళ్ళో ఫోను ఉన్న ప్రతివాళ్ళూ మన ఎమ్మెల్యే గారి పేజీలోకి వెళ్ళి, నేను పంపించిన వాక్యం అక్షరం మార్చకుండా పెట్టాలి. వాక్యం నేనే రాశాను, పదకొండు సార్లు దిద్దాను: "మా శాఖా గ్రంథాలయాన్ని తరలించవద్దని గ్రామ ప్రజలమంతా డిమాండ్ చేస్తున్నాము." అందరూ బొటనవేళ్ళు ఎత్తి చూపించారు, నమస్కారాలు పెట్టారు. శనివారం నాకు నిద్ర పట్టలేదు. తెల్లారితే ప్రభుత్వం వణుకుతుందేమో, మరీ కంగారు పెట్టేస్తున్నామేమో అని కాస్త జాలి కూడా పడ్డాను.

పది గంటలయింది. నా వాక్యం పెట్టాను. పది దాటి ఐదు నిమిషాలయింది. నా వాక్యం ఒక్కటే ఉంది. పరుగెత్తుకుంటూ మిల్లు అత్తయ్య ఇంటికి వెళ్ళాను. రైసు మిల్లు వాళ్ళావిడ, మా అందరికీ అత్తయ్యే. ఊళ్ళో ఏదైనా సరే ఆవిడ మొదలెడితే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటోంది.

"ఏంటే అమ్మాయ్, ఇదేం రాతే? బాగున్నారా అని లేదు, పిల్లలెలా ఉన్నారని లేదు, సరాసరి డిమాండ్ ఏంటే? రేపు ఏ పెళ్ళిలోనో ఎదురైతే ఏ మొహం పెట్టుకుని పలకరిస్తానే ఆయన్ని?"

ఇది ఉద్యమం అత్తయ్యా, ఇందులో పలకరింపులుండవు అని చెప్పాను. పుస్తకం సంగతి కూడా చెప్పాను. ఆ రాసినాయన మన వైపు మనిషి అయ్యుండడని ఆవిడ తేల్చేసి, నా వాక్యం చెరిపేసి, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ తన వాక్యం రాసింది: "ఎమ్మెల్యే గారికి నమస్కారమండి. ఆరోగ్యం బాగుందా అండి. మా ఊరొచ్చి చాన్నాళ్ళయ్యిందండి. పులస దొరుకుతోందండి. ఒక పూట భోజనానికి రండి. లైబ్రరీ సంగతి కూడా మాట్లాడుకుందామండి."

అంతే, ఊరికి దారి దొరికింది. ఆవిడది చూసి ఎదురింటావిడ పనసపొట్టు కూర వండి పెడతానని రాసింది. కొబ్బరి బాబాయి (కొబ్బరికాయల వ్యాపారం, మిల్లు అత్తయ్యతో మాత్రం ఏ విషయంలోనూ పొత్తు కుదరని మనిషి) పులస ముళ్ళు తియ్యడానికే పూట గడిచిపోతుందనీ, తమ ఇంట్లో నాటుకోడి వేపుడూ గారెలూ సిద్ధంగా ఉంటాయనీ రాశాడు. మధ్యాహ్నానికి ఎమ్మెల్యే గారి పేజీ నిండా మా ఊరి వంటలే. బొమ్మిడాయల పులుసు, కంద బచ్చలి, మజ్జిగ పులుసు, ఎవరో ఇంట్లో చుట్టిన పూతరేకుల ఫొటో. ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాయడంలో వంటకం పెరుగుతూ పోయింది, లైబ్రరీ తరుగుతూ పోయింది. నలభయ్యో మనిషి దగ్గరకొచ్చేసరికి లైబ్రరీ అన్న మాటే జారిపోయింది. ఎక్కడో అనంతపురం నుంచి ఒకాయన, పనసపొట్టులో ఆవ ఎప్పుడు వెయ్యాలండీ అని అడిగితే, దానికి మాత్రం పద్నాలుగు మంది జవాబు చెప్పారు.

ఏడుపొచ్చింది. లైబ్రరీకి వెళ్ళి మాస్టారి ముందు కూలబడి, ఈ ఊరు బాగుపడదండీ అన్నాను. ఆయన మూడో బీరువా కట్టలు కడుతున్నారు. తాడు పళ్ళతో బిగించి, తీరిగ్గా, "ఆ మజ్జిగ పులుసు గురించి రాసింది నేనేనమ్మా. రాయకపోతే బాగోదు కదా" అన్నారు.

మర్నాడు షాపులో ఉండగా ఫోనొచ్చింది. ఎమ్మెల్యే గారి పీఏ. నేను పెట్టిన పేజీ మీద నా నంబరు చూసి చేశాడట.

"మీ ఊరివాళ్ళేంటమ్మా, మా సార్ పేజీని హోటల్ బోర్డు చేసేశారు? తిట్టేవాళ్ళని చూశాం, పొగిడేవాళ్ళని చూశాం. ఇలా అన్నానికి పిలిచేవాళ్ళని చూళ్ళేదు. సార్ కూర్చుని మొత్తం చదివారు. గురువారం వస్తామంటున్నారు. భోజనం ఎవరింట్లో?"

నా చేతిలో ఉన్న ఎవరిదో పట్టాదారు పుస్తకం అయిదు కాపీలకి బదులు యాభై కాపీలు తీసేశాను. గురువారం అని గ్రూపులో పెట్టానో లేదో ఊరు రెండు ముక్కలైంది. ముందు పిలిచింది తనేనని మిల్లు అత్తయ్య. పెద్ద హాలూ, ఏసీ ఉన్నది తనకేనని కొబ్బరి బాబాయి. ఆవిడింటికి ఆయన వెళ్తే తను ఆ రోజు ఊళ్ళోనే ఉండనని బాబాయి, వాళ్ళింట్లో ఆయన మెతుకు ముట్టుకుంటే ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరుడి ముందే కూర్చుంటానని అత్తయ్య. రెండు రోజులు ఇద్దరి మధ్యా తిరిగి నా చెప్పులు అరిగాయి. ఇలా అయితే ఆయన అసలు రారు, రాకపోతే మాస్టారు ఏడో బీరువా తాళం పగలగొట్టించి మరీ కట్టలు కట్టేస్తారు. బుధవారం మధ్యాహ్నం, ఆకలి మీద ఉండగా, నాకు తట్టింది. ఈ ఊళ్ళో ఎవరిదీ కాని ఇల్లు ఒక్కటే ఉంది. అత్తయ్యదీ కాదు, బాబాయిదీ కాదు. అందులోనే వడ్డిస్తే!

ఇద్దరూ ఒప్పుకున్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. తినుబండారాలు లోపలికి తేరాదని బోర్డు రాయించి గోడకి కొట్టింది ఆయనే. నేను బతిమాలాను. ఒక్క పూట కళ్ళు మూసుకోండి, లేకపోతే ఆ బోర్డుని కూడా కట్ట కట్టాల్సొస్తుంది అన్నాను. చాలాసేపు ఆలోచించి, తనే కుర్చీ ఎక్కి ఆ బోర్డు మీద స్వాగతం బ్యానరు కట్టారు.

గురువారం ఎమ్మెల్యే గారు వచ్చారు. ముందు రోజు పోలవరం వెళ్ళి, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి, మళ్ళీ పొద్దున్నే బయల్దేరారట. మనిషి వడిలిపోయి ఉన్నారు. పుస్తకాల కట్టల మధ్య బల్లలు జరిపి అరిటాకు వేశాం. నా చేతిలో నాలుగు పేజీల వినతిపత్రం. మొదటి ముద్దకి ముందు చదవబోతే అత్తయ్య కళ్ళెర్రజేసింది. తింటుండగా చదవబోతే బాబాయి అడ్డంగా గారెల పళ్ళెం పెట్టాడు. కొంచెమేనండి, రుచికేనండి, ఇది మా ఇంటిదండి, అది తిన్నారు ఇది వద్దంటారా అండి అంటూ ఇద్దరూ పోటీపడి వడ్డించారు. పాపం ఆయన ఓట్లడిగే రోజుల్లో కూడా అన్ని చేతులు ఎదుర్కొని ఉండరు. పెరుగన్నం అయ్యాక ఆయన మాస్టారి చేతుల కుర్చీలో చేరగిలబడ్డారు. నేను గొంతు సవరించుకుని "గౌరవనీయులైన" అన్నానో లేదో, సన్నగా గురక వినిపించింది.

తర్వాత ఇంకో ఊళ్ళో ప్రోగ్రాం ఉందని పీఏ లేపబోయాడు. అత్తయ్య అడ్డుపడింది. "అన్నం తిని కన్ను మూసిన మనిషిని లేపుతారా నాయనా ఎవరన్నా? నువ్వెళ్ళి అరుగు మీద కూర్చో, ఆ ఫోను కూడా పట్టుకుపో." పాపం పట్టుకుపోయాడు.

మూడయింది. నాలుగయింది. నాలుగింటికి లైబ్రరీ తెరవాలి. అతిథి నిద్రపోతున్నారని తలుపులు మూసే మనిషి కాదు మాస్టారు. రోజూ వచ్చే పేపరు ముసలాళ్ళు వచ్చి చప్పుడు చేయకుండా కూర్చున్నారు. ఎమ్మెల్యే గారు లైబ్రరీలో పడుకున్నారన్న వార్త ఊరంతా పాకి, ఆ వింత చూడ్డానికి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళని మాస్టారు గుమ్మంలోనే ఆపి, ఇది చదువుకునే చోటు, ఊరికే నిలబడితే కుదరదు అని చెవిలో చెప్పి, కట్ట విప్పి తలా ఒక పుస్తకం చేతిలో పెట్టారు. కట్టిన చేతులతోనే ఆయన కట్టలు విప్పుతున్నారు. బాబాయికి కొబ్బరి తోటల తెగుళ్ళ మీద పుస్తకం వచ్చింది. అత్తయ్యకి నక్షత్రాల శాస్త్రం. కుర్చీలు నిండాయి, బల్లలు నిండాయి, కట్టల మీద కూర్చున్నారు. పేజీ తిప్పిన చప్పుడూ, గురకా తప్ప ఇంకో శబ్దం లేదు. నా జన్మలో ఆ గదిని అలా చూస్తానని అనుకోలేదు.

ఐదింటికి ఎమ్మెల్యే గారు కళ్ళు తెరిచారు. చుట్టూ చూశారు. ఎటు చూసినా పుస్తకం పట్టుకున్న మనిషే.  తర్వాత నా వైపు తిరిగి మెల్లిగా అడిగారు.

"ఏమ్మా, పాఠకులు లేరని నాకు కాగితం ఇచ్చారే. రోజూ ఇంతమంది వస్తారా?"

ఊరు ఊరంతా పుస్తకాల మీంచి కళ్ళెత్తి నన్నే చూసింది. అవునండీ అంటే చాలు, పని అయిపోయినట్టే. అత్తయ్య తలూపమని కనుబొమలు ఎగరేస్తోంది. మాస్టారు మాత్రం నా వైపు చూడకుండా, రోజూ వచ్చినవాళ్ళ సంతకాలు పెట్టించే రిజిస్టరు బల్ల మీద సర్దుతున్నారు. ముప్పై ఏళ్ళుగా అందులో ఒక్క దొంగ సంతకం పెట్టించని మనిషి. నేను వినతిపత్రం మడిచేశాను.

"రారండి. రోజూ పదిహేను మందిమి వస్తామండి. మిగతావాళ్ళు మీరు నిద్రపోతుంటే చూడ్డానికి వచ్చారండి."

అయిపోయింది, నా చేతులతో నేనే తాళం వేసేశాను అనుకున్నాను. అత్తయ్య నక్షత్రాల వెనక మొహం దాచుకుంది. ఇంతలో వెనక నుంచి కొబ్బరి బాబాయి లేచి నిలబడ్డాడు. ఎక్కడిదాకా చదివాడో ఆ పేజీలో వేలు అలాగే ఉంది.

"ఆయ్, నన్ను కలిపి పదహారండి. కొమ్ము పురుగు గురించి ఇరవై ఏళ్ళుగా నేను అడగనివాడు లేడు, ఇందులో శుభ్రంగా రాశారండి. ఇంకా సగముంది. రేపు పట్టుకుపోతారంటే ఎలాగండి?"

ఎమ్మెల్యే గారు కుర్చీ ఊగేలా నవ్వారు. ఫోను మోగని చోట పడుకుని ఎన్నేళ్ళయిందో అన్నారు. పీఏని పిలిచి ఆ కాగితం సంగతి తను మాట్లాడే దాకా ఆపమని చెప్పమన్నారు. కారెక్కబోతూ, నా చేతిలో నలిగిపోయిన వినతిపత్రం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. (చదివారో లేదో తెలియదు. జేబులో పెట్టుకోవడం మాత్రం చూశాను.) నెల తిరిగేసరికి తరలింపు లేదని తాఖీదు వచ్చింది. అది కూడా నా దగ్గరే జిరాక్స్ తీయించారు మాస్టారు. కట్టలన్నీ విప్పి పుస్తకాలు బీరువాల్లో పెట్టడానికి మా ఇద్దరికీ వారం పట్టింది. భూగోళం పుస్తకాల్లో రెండు మూడింటికి మాత్రం పులస వాసన చాన్నాళ్ళు పోలేదు.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. వీధి దీపాలకీ, మురుగు కాలవకీ ఆన్‌లైన్‌లో పద్ధతిగా ఫిర్యాదులు పెడుతుంటాను. నంబరు వస్తుంది, పరిష్కరించామని మెసేజీ వస్తుంది, దీపం మటుకు వెలగదు. ఒక్కోసారి విసుగొచ్చి, పిలిచి అన్నం పెడితే పోయేదేమో అనిపిస్తుంది. మొన్న ఏదో వెతుకుతుంటే నా పాత పేజీ కనబడింది. ఆ గురువారం సాయంత్రం ఎమ్మెల్యే గారి కారు ఇంకా గట్టు దాటకముందే, నేను పెట్టిన పోస్టు అలాగే ఉంది: "ఈ రోజు మా ఊరి ప్రజలు మేల్కొన్నారు." ఆ రోజు నిజానికి మేల్కొన్నది ఆ గదిలో ఒక్క మనిషే. చెరిపేద్దామని వేలు పెట్టాను కానీ, దాని కింద అత్తయ్య పెట్టిన కామెంటు చూసి ఆగిపోయాను. "బాగా మాట్లాడావే అమ్మాయ్. పొద్దుణ్ణించీ నువ్వేం తినలేదు. చేప తల నీకని దాచాను, రా." ఆ రాత్రి నేను వెళ్ళలేదు. ప్రజాస్వామ్యం పనిలో చాలా తీరిక లేకుండా ఉన్నాను.